పటిక ఎవరు కలుపుతారు?

సందేహం: మాది విజయవాడ. గన్నవరం దగ్గర బీడీఎస్ చేసి, ఇప్పుడు అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) మొదటి ఏడాది చదువుతున్నాను. మే నెలలో మా స్టూడెంట్ క్లబ్ వాళ్ళు కెన్యాలో నకూరు చుట్టుపక్కల పల్లెలకు రెండు వారాలు వాలంటీర్లుగా వెళ్తున్నారు. పిల్లల పళ్ళు చూడటం, నీళ్ళ సర్వే, బడుల్లో హెల్త్ టాక్స్ ఇవ్వడం పని. విమానం ఖర్చు కాక మనిషికి రెండు వేల డాలర్ల పైనే అవుతుంది. అక్కడి నుంచి అటే ఇంటికొచ్చి నెల రోజులు ఉందామనుకుంటున్నాను. నాన్నగారేమో "ఆఫ్రికా దాకా ఎందుకు, పెరటి చెట్టు మందుకు పనికిరాదా?" అంటున్నారు. విదేశీ డెంటిస్టులు అమెరికా డెంటల్ కాలేజీల్లో చేరడానికి పెట్టే కాపిడ్ అప్లికేషన్‌కి ఇది బాగా పనికొస్తుందని సీనియర్లు చెప్తున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు కాస్త భయం వేసిన ముక్క "పిల్లల పళ్ళు చూడటం". చూడటమంటే ఎంతవరకో ముందే తేల్చుకోండి. మీతో వచ్చే అమెరికన్ డిగ్రీ పిల్లలకు ఈ ప్రమాదం తక్కువ, వాళ్ళకు పన్ను పీకడం రాదు. మీకు వచ్చు. అక్కడ బడి ఆవరణలో వంద మంది పిల్లలు వరసలో నిలబడి ఉంటారు, ఉన్న ఒక్క డాక్టరుకు ఊపిరి ఆడదు, "నువ్వు డెంటిస్టువేగా, ఓ చెయ్యి వెయ్యి" అంటూ పన్ను పీకే ఫోర్‌సెప్స్ మీ చేతిలో పెట్టేస్తారు. కాదనడం కష్టం. కానీ మీ రిజిస్ట్రేషన్ మన రాష్ట్రంలోది. అమెరికాలో అది చెల్లదని మీకు తెలుసు. కెన్యాలోనూ చెల్లదు, అక్కడి కౌన్సిల్ అనుమతి లేకుండా మీరు అక్కడ డెంటిస్టు కారు.

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడల్లా దాన్ని గుంటూరు జిల్లాకు తెచ్చి చూడమంటాను నేను. ఏ నైజీరియా నుంచో పాతిక మంది కాలేజీ పిల్లలు టీషర్టులు వేసుకుని మన పీహెచ్‌సీకి వచ్చి, పది రోజుల్లో పోతామంటూ మన పిల్లల నోళ్ళు తెరిపిస్తే మీ నాన్నగారు ఊరుకుంటారా? మెడికల్ ఆఫీసరు ఊరుకుంటారా? ఇక్కడ కుదరదనిపించిన పని అక్కడా చెయ్యకూడదు. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం 2011లోనే ప్రీమెడ్ (మెడిసిన్‌లో చేరబోయే) విద్యార్థులకు ఇదే చెప్పింది: విదేశానికి వెళ్ళినా మీ చదువు, మీ లైసెన్సు ఎంతవరకో అంతవరకే. డెంటల్ విద్యాసంస్థల సంఘానిదీ అదే మాట. కాబట్టి "కెన్యాలో పళ్ళు పీకాను" అని కాపిడ్‌లో రాస్తే మంచి కంటే చెడే ఎక్కువ. సీనియర్ల మాట విని ఆ లైన్ రాయకండి.

అయితే వెళ్ళే ఊరు మాత్రం ఆసక్తికరమైనదే. మీ క్లబ్ వాళ్ళకు తెలిసి ఎంచుకున్నారో లేదో గానీ, నకూరు రిఫ్ట్ లోయలో ఉంది. అగ్నిపర్వతాల రాళ్ళు, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, పిల్లల పళ్ళ మీద గోధుమ మచ్చలు. మీరు బీడీఎస్ పోస్టింగుల్లో వినుకొండ, కనిగిరి వైపు నుంచి వచ్చిన పేషెంట్లలో ఇవి చూసే ఉంటారు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో వచ్చింది, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. దర్శి, పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో ఆ జిల్లాలోవే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు.

మచ్చ సంగతి మీకు నేను చెప్పాలా? చిగుళ్ళ లోపల పన్ను పైపూత (ఎనామిల్) తయారయ్యే వయసులోనే ఆ నష్టం జరిగిపోతుంది. పైకొచ్చాక ఎంత తోమినా, ఎన్ని బ్రష్షులు పంచినా పోదు. అందుకని అలాంటి ఊళ్ళో డెంటల్ క్యాంపు పెట్టి టూత్‌పేస్టులు పంచడం ఫొటోలకు బాగుంటుంది, అంతే. పని నీళ్ళ దగ్గర ఉంది.

ఆ పనిలో మన తెలుగు పేరొకటి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్ళింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించడానికి తయారు చేసిన నల్గొండ టెక్నిక్ కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లో వాడి చూశారు. పెద్ద విద్య ఏమీ కాదు. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలిపి తిప్పి, తేరనిచ్చి, వడగట్టడం. కృష్ణ నీళ్ళకు బిందెలో పటిక తిప్పిన మన అమ్మమ్మలకు సగం వచ్చినట్టే. కానీ ఎంత పటిక వెయ్యాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్‌ని బట్టి, క్షారాన్ని బట్టి మారుతుంది. రోజూ కలపాలి, అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడో పారబొయ్యాలి. నకూరులో ఎముకల బొగ్గుతో ఫిల్టర్లు కూడా చేశారు. అవి మన ఊళ్ళలో పెడితే, ఎముకలంటూ ఇంట్లో గుక్కెడు నీళ్ళు తాగనివ్వరు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇటువంటి ప్లాంట్లు చాలా చోట్ల మూలపడింది శాస్త్రం తప్పై కాదు, రోజూ పటిక కలిపే మనిషి లేక. మీ క్లబ్‌ని డబ్బు కట్టేముందు అడగాల్సిందీ అదే. మిమ్మల్ని ఆ ఊరికి ఎవరు పిలిచారు? నకూరు కౌంటీ ఆరోగ్యశాఖకు తెలుసా? మన ఆశాల్లాగే అక్కడ కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లు ఉంటారు, వాళ్ళు ఇందులో ఉన్నారా, లేక మీ వెనక నిలబడి ఫొటోకు నవ్వుతారా? అక్కడ అలాంటి ప్లాంటు ఏదైనా పెడితే, మీరు వచ్చేశాక జూన్‌లో పటిక ఎవరు కలుపుతారు, దాని డబ్బు ఎవరిది? మీరు కట్టే రెండు వేలలో ఆ ఊళ్ళో దిగేదెంత, రిసార్టుకూ సఫారీకీ పోయేదెంత? దీనికి కాగితం మీద జవాబు ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే. "వెళ్ళాక చూద్దాం" అన్నారంటే అది టూరు. టూరుగా వెళ్ళండి, తప్పులేదు, కానీ దాన్ని సేవ అనకండి.

నీళ్ళ సర్వే సంగతి వేరే. శాంపిల్ తీసి పరీక్ష చెయ్యడం ఒకటి, ఇంటింటికీ వెళ్ళి ఎవరికి ఎన్ని పళ్ళు పాడయ్యాయో రాసుకొచ్చి అమెరికాలో పేపరు రాయడం ఇంకొకటి. రెండోది పరిశోధన. మీ యూనివర్సిటీ ఐఆర్‌బీ (మనుషుల మీద పరిశోధనలను పరిశీలించే కమిటీ) అనుమతి కావాలి, కెన్యాలో ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు అక్కడి ప్రభుత్వ సైన్సు కమిషన్ నాకోస్టీ లైసెన్సు కావాలి. ఇవి వారంలో వచ్చేవి కావు. మచ్చల పళ్ళతో నవ్వుతున్న పిల్లల ఫొటోలు ఇన్‌స్టాలో పెట్టడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక మీరు అడగని సందేహం, అందరూ దెబ్బ తినేది. కెన్యా నుంచి "అటే ఇంటికి" అన్నారు. కెన్యా ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. ఆ దేశం వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళ దగ్గర ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే శంషాబాద్‌లో మిమ్మల్ని ఇంటికి పంపరు, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. మధ్యలో దుబాయ్‌లో విమానం మారినా ఇదే లెక్క. అమెరికా నుంచి కెన్యా వెళ్ళేటప్పుడు ఈ కాగితం ఎవరూ అడగరు కాబట్టి మీ క్లబ్‌లో మిగతావాళ్ళకు దీని ఊసే తెలియదు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లుబాటు కాదు. ఒకసారి వేయించుకుంటే మాత్రం జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి రూలు మారింది. ఈ టీకా అన్ని క్లినిక్కుల్లో వెయ్యరు, స్టూడెంట్ ఇన్సూరెన్స్ భరించకపోవచ్చు. ధర ముందే కనుక్కోండి.

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మీ ఐ-20 (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ వీసా కాగితం) మీద ట్రావెల్ సంతకం ఏడాది లోపుది ఉండాలి. ఓపీటీలో (చదువయ్యాక ఇచ్చే పని అనుమతిలో) ఉన్నవాళ్ళకైతే ఆరు నెలలే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తిరిగొచ్చే రోజుకు మిగిలి ఉందో లేదో చూసుకోండి. స్టాంపు గడువు అయిపోయినా ముప్ఫై రోజుల్లోపు మెక్సికో, కెనడాలకు వెళ్ళి రావచ్చని కొందరు చెప్తారు, అది నిజమే గానీ గ్వాటెమాలాకో కెన్యాకో ఆ వెసులుబాటు లేదు. ఏదైనా సరే, కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్ఓని అడగకుండా టికెట్ కొనకండి. అన్నట్టు నకూరు ఎత్తు మీద ఉన్న ఊరు, రాత్రిళ్ళు చలి. ఆఫ్రికా కదా అని బెజవాడ ఎండకు సరిపడా బట్టలే సర్దుకోకండి.

మీ నాన్నగారి మాట దగ్గరికొస్తాను. ఆయన సగం రైటు. భాష వచ్చిన ఊళ్ళో మీరు రెండు వారాల్లో చేసే పని నకూరులో రెండు నెలలకైనా చెయ్యలేరు. ఆశా కార్యకర్త ఇంటికి ఏ వేళప్పుడు వెళ్ళాలో, ఎవరిని పిన్నిగారూ అనాలో, బోరు పంచాయతీదా లేక ఎవరి పొలంలోదా అన్న ప్రశ్న ఎంత జాగ్రత్తగా అడగాలో మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఇంటికొస్తే మీరు సర్వేకు వెళ్తారా, లేక నెలంతా పెళ్ళిళ్ళకూ సంబంధాల మాటలకూ సరిపోతుందా? అది నాన్నగారే చెప్పాలి.

ఇక్కడ చేసినా అనుమతుల బాధ తప్పదు. అమెరికా యూనివర్సిటీతో కలిసి, వాళ్ళ డబ్బుతో మన పల్లెల్లో ఆరోగ్య పరిశోధన చేస్తే మన ఎథిక్స్ కమిటీతో పాటు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి. మీ క్లబ్‌లో చందాలు పోగేసి ఊళ్ళో ఆర్వో ప్లాంటు పెడదామనుకుంటే, ఆ డబ్బు తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. భారత పౌరురాలిగా మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ గొడవ లేదు, విదేశీ పౌరుడై ఓసీఐ కార్డు ఉన్న మావయ్య పంపితే ఉంది.

మూడో దారి ఒకటుంది, మనవాళ్ళు ఎవరూ చూడరు. టెనెసీలో 1985లో మొదలైన రిమోట్ ఏరియా మెడికల్ అనే సంస్థ అమెరికా పల్లెల్లోనే ఉచిత క్యాంపులు పెడుతుంది. పళ్ళు, కళ్ళే ఎక్కువ. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు ముందు రాత్రి నుంచే కార్లలో పడుకుని వరసలో ఉంటారు. లైసెన్సు లేనివాళ్ళకు రిజిస్ట్రేషన్, పరికరాలు శుభ్రం చెయ్యడం లాంటి పనులు ఇస్తారు. శనాదివారాల్లో అయిపోతుంది, వీసా గొడవ లేదు, జీతం లేని వాలంటీరు పని కాబట్టి మీ ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి ఇబ్బంది రాదు. కాపిడ్‌లో రాసుకోవడానికి నా లెక్కన ఇదే గట్టిది, పైగా పక్కన పనిచేసిన అమెరికన్ డెంటిస్టు ఎవరైనా మీకు సిఫార్సు ఉత్తరం రాయొచ్చు.

క్లబ్ నుంచి సరైన జవాబు వస్తే నకూరు వెళ్ళండి, నీళ్ళ పని అడిగి తీసుకోండి, ఫోర్‌సెప్స్ ముట్టుకోకండి. రాకపోతే ఆ డబ్బు దాచుకుని వచ్చే ఏడాది ప్రాక్టికమ్‌ని (చదువులో భాగంగా చేసే ఫీల్డు పనిని) వినుకొండ వైపు పెట్టుకోండి. దానికి ఐఆర్‌బీ, ఐసీఎంఆర్ కాగితాలన్నీ కదలాలంటే మీ ప్రొఫెసర్‌తో ఈ సెమిస్టర్‌లోనే మాట మొదలుపెట్టాలి.