ఎల్‌ఈడీ డిజైనా, వీఎల్‌ఎస్‌ఐనా?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో సంవత్సరం. ఒకే పలకపై చాలా చిప్‌లు పేర్చి చేసే ఎల్‌ఈడీల డిజైన్ నేర్చుకుంటానంటున్నాడు. మేమేమో ఉద్యోగం గ్యారంటీ అన్న ప్రకటన చూసి, వాడిని అడక్కుండానే వీఎల్‌ఎస్‌ఐ (చిప్ లోపలి సర్క్యూట్ల డిజైన్) కోర్సుకు ఫీజు కట్టేశాం. రెండింట్లో ఏది మేలు? బల్బుల కంపెనీలో పని అంటే నలుగురూ ఏమనుకుంటారు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఫీజు కట్టేశాక ఏది మేలని అడుగుతున్నారు. మీ అసలు బెంగ ఆ చివరి వాక్యంలోనే ఉంది. ఆ నలుగురిలో ఒక్కరైనా ఈ పని ఏమిటో చూశారా?

నీలి కాంతినిచ్చే చిప్ ఒక్కోదానికి దాదాపు 3 వోల్టులు కావాలి. పన్నెండు వరుసగా కలిపితే 36. అలాంటి మూడు వరుసలను పక్కపక్కన కలిపి మొత్తం 300 మిల్లీఆంపియర్లు పంపితే దాదాపు 11 వాట్లు. ఈ 36 చిప్‌లూ బొటనవేలి గోరంత జాగాలో, నీలి కాంతిని తెల్లగా మార్చే పసుపు ఫాస్ఫర్ పూత కింద ఉంటాయి. ఆ 11 వాట్లలో సగానికి పైగా వేడికే పోతుంది, 6 అనుకుందాం. చిప్ నుంచి బయటి గాలి దాకా వాట్‌కు 8 డిగ్రీల చొప్పున పెరిగితే మొత్తం 48. మే నెలలో ఫాల్స్ సీలింగ్ పైన 50 డిగ్రీలుంటే చిప్ 98కి చేరుతుంది. ఆ 8ని 5కి దించితే 80 దగ్గర ఆగుతుంది, దీపం ఆయుష్షు పెరుగుతుంది. వాట్‌కు ఆ మూడు డిగ్రీలు దించడానికే ఇంజనీరు కావాలి.

తప్పులు చిన్నచోట్ల జరుగుతాయి. పలకకూ, దాని వేడిని గాలిలోకి వదిలే లోహపు హీట్‌సింక్‌కూ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ మందంగా పూస్తే అదే వేడికి అడ్డం. ఒక స్క్రూ ముందే గట్టిగా బిగిస్తే పలక పక్కకు లేచి కింద గాలి చేరుతుంది. ఒక వరుసలో తీగ తెగితే డ్రైవర్ (ఎల్‌ఈడీకి స్థిరంగా కరెంటు పంపే సర్క్యూట్) అదే 300ని మిగతా రెంటికీ పంచుతుంది, 100 మోయాల్సిన వరుస 150 మోస్తుంది. పైగా వేడెక్కిన వరుసకు తక్కువ వోల్టేజీ చాలు కాబట్టి అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే చిప్‌లను వోల్టేజీ చూసి జతలు కడతారు. మూసేసిన ఫిట్టింగ్‌లో గమ్ ఆవిర్లకు చిప్‌లపై ఉండే సిలికోన్ పూత నల్లబడటం మరో తలనొప్పి.

ఇక వీఎల్‌ఎస్‌ఐ. హైదరాబాద్‌లో ఆ ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి, కాదనను. నా అనుమానమంతా ఆ సర్టిఫికెట్ మీదే. డిజిటల్ లాజిక్ గట్టిగా లేని పిల్లవాడిని ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్టూ కాపాడదు. ఉద్యోగం గ్యారంటీ అన్న ప్రకటన చూసి, అబ్బాయిని ఒక్క మాట అడక్కుండా డబ్బు కట్టారు. అది మీ తొందర, వాడి తప్పు కాదు.

ఎల్‌ఈడీ వైపూ తేనె ఏమీ కారడం లేదు. చిప్‌లు ఎక్కువగా దిగుమతి సరుకే. ఇక్కడ పని ఫిట్టింగ్‌లు, డ్రైవర్లు, వేడి లెక్కలు, టెస్టింగ్, వాహనాల లైట్లలో ఉంటుంది. మొదటి జీతం తక్కువగానే ఉండొచ్చు. కానీ పవర్ ఎలక్ట్రానిక్స్, ఉష్ణం తెలిసినవాడు ఈవీ చార్జర్ల వైపూ, ఇన్వర్టర్ల వైపూ తేలిగ్గానే మారగలడు. ఆ దిగులు పెట్టుకోకండి.

నిర్ణయానికి ముందు వాడిని ఒక ప్రయోగం చేయనివ్వండి. 36 వోల్టుల సీఓబీ (ఇందాక చెప్పిన, ఒకే పలకపై చిప్‌లు పేర్చిన ఎల్‌ఈడీ) ఒకటి, హీట్‌సింక్, మల్టీమీటర్ చాలు. కాలేజీ ల్యాబ్‌లోని పవర్ సప్లై 30 వోల్టుల దగ్గరే ఆగిపోతే రెండు ఛానళ్లు సిరీస్‌లో కలపాలి. ఇంటి కరెంటు వైపు చేయి పెట్టవద్దు. కరెంటును 300 మిల్లీఆంపియర్లకు కట్టడి చేసి, వెలిగించగానే ఒకసారి, అరగంటకు మరోసారి వోల్టేజీ రాయమనండి. చిప్‌కు డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది కాబట్టి 48 డిగ్రీలు వేడెక్కితే పన్నెండు చిప్‌లకు వోల్టు పైగా పడిపోయి కనిపిస్తుంది. పేస్ట్ తీసేసి మళ్లీ కొలవాలి, కాకపోతే ఈసారి ఎక్కువసేపు వెలిగించకుండా. ఆ తేడా ఎందుకొచ్చిందో భోజనాల దగ్గర మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, కట్టిన ఫీజు సంగతి అప్పుడు తేల్చుకోండి.