లాగ్‌లో ‘హోస్ట్ నాట్ ఫౌండ్’, ఫోన్‌లో మాత్రం పేరు దొరుకుతోంది

ప్రశ్న: అయ్యా, మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో బిల్లింగ్, స్టాక్ పేజీలు ఒక లైనక్స్ సర్వర్ మీద ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం ద్వారా నడుస్తున్నాయి. పేరును బట్టి సర్వర్ చిరునామా వెతికే పని (డీఎన్‌ఎస్) అదే సర్వర్‌లోని డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం చూస్తుంది. ఈ మధ్య ఒంగోలు గోదాములోని సర్వర్‌కు మా డొమైన్‌లో కొత్త పేరు పెట్టాము. ఆ పేరుకు చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు చేర్చకముందే ఒకసారి పేజీ తెరిచి చూశాము, రాలేదు. చేర్చిన తరువాత కూడా ఎర్రర్ లాగ్‌లో ‘కుడ్ నాట్ బి రిసాల్వ్‌డ్, 3: హోస్ట్ నాట్ ఫౌండ్’ అనే పడుతూ వచ్చింది. అదే సమయంలో ఫోన్‌లో మొబైల్ డేటా మీద ఆ పేరు దొరికింది. దాదాపు గంట తరువాత ఎవరూ ఏమీ చేయకుండానే సర్దుకుంది. తప్పు ఇంజిన్‌ఎక్స్‌దా, ఇంటర్నెట్ లైన్‌దా?
— ఒక పాఠకుడు, చీమకుర్తి, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు చెప్పిన వరసను బట్టి చూస్తే రెండింటిదీ కాదు. రికార్డు లేని సమయంలో మీరు పేజీ తెరిచినప్పుడు ‘ఆ పేరు లేదు’ అని వచ్చిన జవాబును డీఎన్‌ఎస్‌మాస్క్ తన క్యాష్‌లో (జవాబులను తాత్కాలికంగా ఉంచుకునే చోట) దాచుకుని, గడువు తీరేదాకా పైనున్న డీఎన్‌ఎస్ సర్వర్లను అడగకుండా అదే చెబుతూ వచ్చింది. మొబైల్ కంపెనీ సర్వర్‌ను అంతకుముందు ఎవరూ ఆ పేరు అడగలేదు కనుక అక్కడ కొత్త జవాబే వచ్చింది.

లేదన్న జవాబును కూడా దాచుకోవాలన్న నియమం 1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2308 అనే ఇంటర్నెట్ నియమాల పత్రంలో ఉంది. అంతకుముందు అది ఐచ్ఛికంగా ఉండేది. ఎంతసేపు దాచుకోవాలో మీ డొమైన్ ఎస్‌ఓఏ రికార్డే (డొమైన్ మొత్తానికి చెందిన వివరాలుండే రికార్డు) చెబుతుంది: ఆ రికార్డు టీటీఎల్ (దాన్ని దాచుకునే గడువు), అందులోని చివరి సంఖ్య, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అన్ని సెకన్లు. డీఎన్‌ఎస్ రికార్డులు చూపే డిగ్ కమాండ్‌తో చూడండి, మీ విషయంలో అది 3600 అయి ఉండవచ్చు. ఒకటి నుంచి మూడు గంటల గడువు బాగా పనిచేస్తుందనీ, రోజు దాటితే చిక్కులు వస్తాయనీ ఆ పత్రమే అంటుంది.

ఇక ఎర్రర్ లాగ్‌లోని ఆ వాక్యం సంగతి. అందులోని 3 డీఎన్‌ఎస్ జవాబులో వచ్చే కోడ్, అంటే ‘అలాంటి పేరే లేదు’ అని. 2 ఉంటే అడిగిన సర్వర్ జవాబు తేలేకపోయిందని అర్థం. ఒక్కోసారి అదే చోట 110 కనిపిస్తుంది. అది డీఎన్‌ఎస్ కోడ్ కానే కాదు, గడువులోగా జవాబు రాలేదని చెప్పే లైనక్స్ ఎర్రర్ నంబరు. రెండు వేర్వేరు పట్టికల అంకెలను ఒకే చోట అచ్చువేస్తే చదివేవాడికి ఎలా తెలుస్తుంది? లైన్‌ను అనుమానించాల్సింది 110 వచ్చినప్పుడు. 3 వచ్చిందంటే ఎవరో ఒకరు జవాబైతే ఇచ్చారు. ఆ ఎవరో ఎవరన్నది మాత్రం ఆ వాక్యంలో ఉండదు. ఇందుకు ఇంజిన్‌ఎక్స్‌ను పూర్తిగా తప్పుపట్టలేము, ఎందుకంటే తన చేతికి వచ్చిన జవాబు క్యాష్‌లోదో, అప్పుడే అడిగి తెచ్చిందో దానికీ తెలియదు.

తెలిసేది డీఎన్‌ఎస్‌మాస్క్‌కే. దాని కాన్ఫిగ్‌లో ‘లాగ్-క్వెరీస్’ అన్న వరుస చేరిస్తే ప్రతి ప్రశ్నకూ లాగ్ పడుతుంది: పైకి పంపితే ‘ఫార్వర్డెడ్’, పైనుంచి వస్తే ‘రిప్లై’, దాచుకున్నదే చెబితే ‘క్యాష్డ్’. ‘క్యాష్డ్’ అన్న మాట, మీ సర్వర్ పేరు, ‘ఎన్ఎక్స్‌డొమైన్’ (అలాంటి పేరు లేదు) ఒకే వరుసలో కనిపిస్తే మీ చిక్కు అక్కడే తేలిపోతుంది. అయితే కాన్ఫిగ్ మార్పు అమలు కావాలంటే డీఎన్‌ఎస్‌మాస్క్‌ను రీస్టార్ట్ చేయాలి, చేస్తే క్యాష్ ఖాళీ అయి ఆధారమూ పోతుంది; కాబట్టి మళ్లీ కొత్త పేరు పెట్టబోయే ముందే దాన్ని ఆన్ చేసుకోండి. పని కాగానే తీసేయండి, లేకపోతే ఆఫీసులో ఎవరు ఏ సైటు చూశారో అంతా లాగ్‌కెక్కుతుంది.

నివారణ సులభమే. ముందు రికార్డు చేర్చి, తరువాతే పేజీ తెరవండి. తొందరపడి ముందే తెరిచినా, డీఎన్‌ఎస్‌మాస్క్‌కు హెచ్‌యూపీ సిగ్నల్ (లైనక్స్‌లో ప్రోగ్రాంకు పంపే ఒక సంకేతం) పంపితే దాని క్యాష్ ఖాళీ అవుతుంది; అయితే పైనున్న సర్వర్ కూడా ‘లేదు’ అన్న జవాబును దాచుకుని ఉంటే అక్కడి గడువు తీరేదాకా ఆగాల్సిందే. లేదన్న జవాబులను అసలు దాచుకోనివ్వని ‘నో-నెగ్‌క్యాష్’ అనే ఆప్షన్ కూడా ఉంది కానీ, ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బందికి లేని పేర్లన్నింటినీ ప్రతిసారీ పైకి పంపి అడిగించడం నాకు సమ్మతం కాదు. డీఎన్‌ఎస్‌మాస్క్ లాగ్‌లో ‘నోడేటా-ఐపీవీ6’ అని తరచుగా కనిపిస్తే కంగారు పడకండి. ఆ పేరుకు ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్) చిరునామా లేదని మాత్రమే దాని అర్థం.