జపాన్‌లో ఇంగ్లిష్ టీచరు ఉద్యోగం: జెట్, డిస్పాచ్, ఈకైవాలలో ఏది మేలు?

మూడూ అందుబాటులో ఉంటే నేను జెట్ ప్రోగ్రామ్‌నే ఎంచుకోమంటాను. విదేశీయులను బడుల్లో ఇంగ్లిష్ చెప్పడానికి తీసుకునే జపాన్ ప్రభుత్వ పథకం అది, 1987 నుంచి నడుస్తోంది. విమాన ఖర్చులు వాళ్లే పెట్టుకుంటారు, గరిష్ఠంగా 5 ఏళ్లు ఉండొచ్చు. ఏ ఊళ్లో వేస్తారో మాత్రం మన చేతిలో లేదు.

డిస్పాచ్ కంపెనీలూ ప్రభుత్వ బడులకే టీచర్లను పంపుతాయి, కానీ మధ్యలో ఆ డబ్బులో కొంత వాటి వాటాగా పోతుంది. ఇక్కడే కాంట్రాక్టును అక్షరం వదలకుండా చదవాలి. ఆగస్టు సెలవుల్లో పూర్తి జీతం వస్తుందా? షకై హోకెన్, అంటే ఆరోగ్య, పింఛను బీమాలో చేర్చి సగం చందా కంపెనీ కడుతుందా? బడికి వెళ్లడానికి కారు మీరే చూసుకోవాలా? వీటికి రాతపూర్వకంగా జవాబివ్వని చోట దయచేసి చేరకండి.

ఈకైవా అంటే ప్రైవేటు సంభాషణ తరగతులు. పని ఎక్కువగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, శని ఆదివారాల్లోనూ ఉంటుంది. పేరు పెద్దదని ధీమా పడొద్దు: ఈ రంగంలో అప్పట్లో అతి పెద్దదైన నోవా 2007లో దివాలా తీసినప్పుడు వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేక అల్లాడారు.

మనవాళ్లకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి. బడుల్లో భాష బోధించే ఇన్‌స్ట్రక్టర్ వీసాకు డిగ్రీతో పాటు కనీసం 12 ఏళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివిన రుజువు అడుగుతారు. కొన్నేళ్లు తెలుగు మీడియంలో చదివినవారు సంతకం పెట్టకముందే దీన్ని కంపెనీతో తేల్చుకోవాలి.