టెస్టులన్నీ నార్మల్, అయినా టెన్షన్ వస్తే కడుపులో గడబిడ: ఇది నా భ్రమేనా?

ఎండోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి, అయినా టెన్షన్ ఉన్న రోజు కడుపులో తిప్పడం, మోషన్స్ తప్పడం లేదు, ఇది భ్రమేనా అని అడిగారు. భ్రమ కాదండీ. ఏళ్ల తరబడి ఐబీఎస్‌తో (టెస్టుల్లో ఏ లోపమూ కనిపించకపోయినా కడుపునొప్పి, మోషన్స్‌లో తేడాలు ఉండే పేగుల సమస్య) వేగుతున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను.

ముఖ్యమైన మీటింగ్ ఉంటే పొద్దున్నుంచీ నాకు ముద్ద దిగదు. దిగిన కాస్తా గుండెల మీదే ఉన్నట్టుంటుంది. అయినా బాత్రూమ్‌కి పరుగులు మాత్రం తప్పవు. పైన కదలదు, కింద ఆగదు, రెండూ ఒకేసారి ఎలాగో ఎంతకీ అంతుపట్టేది కాదు. టెన్షన్ పడగానే మెదడులోని హైపోథలామస్ సీఆర్‌ఎఫ్ అనే రసాయనం వదులుతుందని డాక్టర్ చెప్పారు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడానికి మొదటి మెట్టు అదే. జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మది చేసేదీ, పెద్దపేగును తొందరపెట్టేదీ కూడా అదే.

ఇంకో సంగతి, పేగుల గోడల్లోనే కోట్ల కొద్దీ న్యూరాన్లున్నాయి. మెదడుకీ కడుపుకీ మధ్య ఉన్న వేగస్ నాడిలో దాదాపు 80 శాతం పోగులు కింది కబుర్లు పైకి మోసేవే. మాలాంటి వాళ్లలో ఆ కబుర్లు మరీ గట్టిగా వినిపిస్తాయి. అందరికీ ఉండే గ్యాసే మాకు నొప్పవుతుంది. ఎండోస్కోపీలో పుండో వాపో ఉంటే కనిపిస్తుంది గానీ నరాల సున్నితత్వం ఎక్కడ కనిపిస్తుంది?

మూడ్‌తో సంబంధం ఉందని చెప్పే సెరటోనిన్ అనే రసాయనం శరీరంలో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. అయితే అది రక్తం గుండా మెదడులోకి చేరదు. కాబట్టి పేగులో సెరటోనిన్ పెంచి మూడ్ మారుస్తామనే పొడులకు డబ్బు తగలేయకండి.

నాకు రాత్రిపూట తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ రాశారు. డిప్రెషన్ మందు నాకెందుకని మొదట కోపమొచ్చింది. ఆ డోసులో అది పేగు నొప్పి సంకేతాలను తగ్గించడానికట, మోషన్స్ కూడా నెమ్మదిస్తాయి. మలబద్ధకం ఉన్నవాళ్లకు అదే ఇబ్బంది, అందుకని సొంతంగా కొనుక్కోవద్దు. పొట్ట కదిలేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం మీటింగ్ ముందు నాకు బాగానే పనిచేస్తుంది. "టెన్షన్ తగ్గించుకో" అనే ఉచిత సలహా మాత్రం ఎప్పుడూ పనిచేయలేదు!

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే విరేచనాలు... వీటిలో ఏది ఉన్నా టెన్షనే అనుకుని ఊరుకోకండి, మళ్లీ డాక్టర్‌కి చూపించుకోండి.