బొగ్గు కరెంటుతో నడిస్తే ఎలక్ట్రిక్ గూడ్స్ రైలు వల్ల లాభం ఏంటి?

కరెంటు మొత్తం బొగ్గు నుంచే వస్తే కార్బన్ లెక్కలో డీజిల్ కంటే పెద్ద లాభం ఉండదు, ఒక్కోసారి కాస్త ఎక్కువే కూడా అవుతుంది, కానీ గ్రిడ్‌లో నీరు, గాలి, ఎండ, అణు విద్యుత్ వాటా పెరిగేకొద్దీ ఎలక్ట్రిక్ రైలు స్పష్టంగా ముందుకెళ్తుంది.

ఎందుకంటే బొగ్గు ప్లాంటులో ఇంధనం వేడిలో మూడింట రెండొంతుల దాకా వృథానే. డీజిల్ లోకో (రైలింజన్)లోనూ సగానికి పైగా పోతుంది. తేడా ఎక్కడంటే, డీజిల్ ఇంజిన్ కొన్నాక పాతికేళ్లకు పైగా అదే ఇంధనం తాగుతుంది, ఎలక్ట్రిక్ లోకో మాత్రం గ్రిడ్ బాగుపడిన ప్రతిసారీ ఏ మార్పూ లేకుండానే తనూ బాగుపడుతుంది. పైగా బ్రేక్ వేసినప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును తీగలోకి తిరిగి పంపగలవు. మామూలు డీజిల్ లోకోలో అది వేడిగా గాల్లో కలిసిపోవాల్సిందే.

స్వీడన్‌లోని కిరునా నుంచి నార్వేలోని నార్విక్ రేవుకు ఇనుప ఖనిజం మోసే రైళ్లు చూడండి. సుమారు 8,600 టన్నుల బరువుతో కొండ దిగుతూ అవి తయారుచేసే కరెంటు, ఖాళీ రైళ్లు తిరిగి సరిహద్దు దాకా ఎక్కడానికి సరిపోతుంది!

చాలామంది పొరపాటు ఏంటంటే డీజిల్ ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పుతుందనుకోవడం. ఎక్కువ డీజిల్ లోకోల్లో ఇంజిన్ కరెంటు తయారుచేస్తుంది, చక్రాలను తిప్పేది మోటార్లే. అంటే రెండూ ఎలక్ట్రికే, పవర్ ప్లాంటు లోకోలో ఉందా, బయట ఉందా అన్నదే తేడా. అసలు కష్టం రాత్రిపూట, గూడ్స్ ఆగవు కానీ సోలార్ ఆగిపోతుంది.