కొత్త బ్లాక్‌లో ఏసీ రూమా, పాత బ్లాకా, బయట పీజీయా, లేక ఫ్లాటే కొనేయాలా?

జనగామ నుంచి ఒక సర్ పెద్ద మెసేజే పెట్టారు, నేను కుదించి చెప్తాను. వాళ్ళ పాపకి అమరావతి వైపు ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో బీటెక్ సీటు మెరిట్ మీద వచ్చింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి 3 లక్షలు. క్యాంపస్‌లో ఈ ఏడు కొత్త హాస్టల్ బ్లాక్ తెరిచారట, అందులో టూ షేరింగ్ ఏసీ మెస్‌తో కలిపి 2.10 లక్షలు, త్రీ షేరింగ్ నాన్ ఏసీ 1.55 లక్షలు. పాత బ్లాక్‌లో ఫోర్ షేరింగ్ 1.30 లక్షలు. అన్నీ 10 నెలలకే. బయట మూడు కిలోమీటర్ల దూరంలో లేడీస్ పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) తిండితో నెలకి 9 వేలు. సర్‌కి జీతం చేతికి 62 వేలు, ఇంటి మొత్తం ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపే, ఎఫ్‌డీ 2.5 లక్షలు ఉంది, నెలకి 15 వేలు మిగులుతాయి. పాపేమో ఏసీ రూమ్ అంటోంది, ఎలాగూ ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటున్నాం కదా అందులో కలిపేద్దాం అంటోంది. బావమరిదేమో హాస్టల్‌కి తగలేసే బదులు అక్కడే 38 లక్షల్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొను, ఇంకో ఇద్దరు అమ్మాయిల్ని పెట్టుకుంటే నెలకి 14 వేలు అద్దె వస్తుంది అంటున్నాడు.

సర్, ముందు బావమరిది గారి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇలాంటి బావమరిది ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు (మా ఇంట్లో ఆ పోస్ట్ నాదే). 38 లక్షల ఫ్లాట్‌కి బ్యాంకు 30 లక్షలు ఇచ్చిందనుకుందాం, 8 లక్షలు మీరు పెట్టుకోవాలి. ఏపీలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 2.85 లక్షలు. గృహప్రవేశం కూడా చేయకముందే దాదాపు 11 లక్షలు అయిపోయాయి, అదే త్రీ షేరింగ్ రూమ్‌కి నాలుగేళ్ళకీ కలిపి అయ్యేది 6.20 లక్షలు. ఆ 30 లక్షలకి 8.5 శాతం చొప్పున 20 ఏళ్ళకి ఈఎంఐ నెలకి 26 వేలు, ఆయన చెప్పిన 14 వేల అద్దె నెల తప్పకుండా వచ్చినా ఇంకో 12 వేలు మీ జేబులోంచే పోతాయి, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వేరే. ఇంకో మాట, క్యాంపస్‌లోపలే కొత్త బ్లాకులు కడుతుంటే బయట రూములకి గిరాకీ పెరుగుతుందా తగ్గుతుందా? ఆ ఫ్లాట్‌లో ఎవరుంటారని ఆయన అనుకుంటున్నాడో మరి. దీన్ని ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు పాప లెక్క. అసలు డేంజర్ ఇక్కడే ఉంది, ఎందుకంటే లోన్‌లో కలిపితే ఇవాళ మన చేతిలోంచి ఒక్క రూపాయి పోనట్టే ఉంటుంది కదా. ఏసీ రూమ్‌కీ పాత బ్లాక్‌కీ తేడా ఏడాదికి 80 వేలు, నాలుగేళ్ళకి 3.20 లక్షలు. వడ్డీ 10.5 శాతం అనుకుందాం. చదువు నాలుగేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఏడాది మారటోరియం, అంటే ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. చక్రవడ్డీ కాదు, బారు వడ్డీయే, అయినా మొదటి ఏడాది తీసిన 80 వేల మీద 5 ఏళ్ళ వడ్డీ, రెండో ఏడాది దాని మీద 4 ఏళ్ళు, అలా మొత్తం 1.18 లక్షలు తేలుతుంది, దాన్ని తీసుకెళ్ళి అసలులో కలిపేస్తారు. ఈఎంఐ మొదలయ్యే నాటికి 3.20 కాస్తా 4.38 లక్షలు. దాన్ని పదేళ్ళు కడితే నెలకి 5,900 చొప్పున మొత్తం 7 లక్షలు దాటుతుంది. నాలుగేళ్ళ ఏసీకి, ఒక రూమ్మేట్‌తో సర్దుకోవడానికి 7 లక్షలు, అదీ పాప జీతంలోంచి. ఈ లెక్క మీరు చెప్తే గొడవవుతుంది, పేపర్ మీద తననే వేయమనండి.

పీజీ చవక అనిపిస్తుంది గానీ కాదు. హాస్టల్ రేటు 10 నెలలకి, పీజీలో ఎండాకాలం సెలవుల్లో కూడా రూమ్ నిలబెట్టుకోవాలంటే చాలాచోట్ల డబ్బు కట్టాల్సిందే, 12 నెలలకి 1.08 లక్షలు. మూడు కిలోమీటర్లు రోజూ రానూపోనూ స్కూటీ కావాలి, అది ఓ లక్ష, పెట్రోలు సర్వీసింగ్ ఏడాదికి 15 వేలు వేసుకోండి. అడ్వాన్స్ రెండు నెలలు, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అందులో ఎంతో కొంత కోత. అంటే స్కూటీ ధర పక్కన పెట్టినా 1.23 లక్షలు, పాత బ్లాక్‌కీ దీనికీ తేడా 7 వేలు. దానికోసం ఫస్టియర్ అమ్మాయి రాత్రి లైబ్రరీ నుంచి మూడు కిలోమీటర్లు వెళ్ళాలి, మీరేమో జనగామలో ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. పైగా చాలా యూనివర్సిటీలు ఫస్టియర్ వాళ్ళని క్యాంపస్‌లోనే ఉండమంటాయి, ఆ రూల్ ఉందేమో చూశారా? ఒకవేళ ఎప్పుడైనా పీజీకి వెళ్తే మాత్రం ఇది గుర్తుంచుకోండి, 2024 జూలై 15 నుంచి నెలకి మనిషికి 20 వేల లోపు అద్దె ఉండి వరసగా 90 రోజులు ఉంటే జీఎస్టీ లేదు. జీఎస్టీ అదనంగా వేస్తానని ఓనర్ అంటే ఏ రూల్ ప్రకారమో అడగండి.

నా ఓటు కొత్త బ్లాక్‌లో త్రీ షేరింగ్ నాన్ ఏసీకి, 1.55 లక్షలది. పాత బ్లాక్ కంటే 25 వేలు ఎక్కువ, నెలకి రెండు వేల చిల్లర, దానికి ముగ్గురే ఉండే కొత్త రూమ్ వస్తుందంటే నేను ఒప్పుకుంటాను. నేను వరంగల్లో ఆరుగురితో ఒక రూములో ట్రంకు పెట్టె మీద కూర్చుని చదివినోణ్ణే, అలాగని మా పిల్లలూ అలాగే చదవాలని రూలేం లేదు కదా. కానీ షరతు ఒకటి, హాస్టల్ డబ్బు లోన్‌లో కలపొద్దు. లోన్ ట్యూషన్‌కి మాత్రమే, హాస్టల్ మీ జీతంలోంచి. 1.55ని 12తో భాగిస్తే నెలకి 13 వేలు కూడా కాదు, మీకు మిగిలేది 15 వేలు, సరిపోతుంది. జూన్‌లో ఒకేసారి కట్టాలంటే కష్టం కాబట్టి రెండు ఇన్‌స్టాల్‌మెంట్లు అడగండి, మొదటిది ఎఫ్‌డీలోంచి తీసి కట్టి, వెంటనే నెలకి 13 వేలు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి. ఎఫ్‌డీ మొత్తం మాత్రం ఖాళీ చేయొద్దు.

లోన్ విషయంలో పీఎం విద్యాలక్ష్మి చూడండి, 2024 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన స్కీమ్. మొదట్లో 860 సంస్థలతో లిస్టు ఇచ్చారు, పాప యూనివర్సిటీ అందులో ఉంటే తాకట్టు, ష్యూరిటీ లేకుండా లోన్ వస్తుంది. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఏదీ తీసుకోకపోతే 10 లక్షల లోన్ దాకా మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీకి అప్లై చేయొచ్చు, కొత్తగా ఏడాదికి లక్ష మందికే ఇస్తారు కాబట్టి ఆలస్యం చేయకండి. మీ ట్యూషన్ ఒక్కటే 12 లక్షలు, రాయితీ ఉండే 10 లక్షలు దానికే అయిపోతాయి, హాస్టల్ కోసం పైన తీసుకునే ప్రతి రూపాయికీ ఫుల్ వడ్డీయే.

టాక్స్‌లో హాస్టల్ ఫీజు కలిసొస్తుందా అని చివర్లో అడిగారు. టాక్స్ మినహాయింపుకి ట్యూషన్ ఫీజు మాత్రమే చూపించొచ్చు, హాస్టల్, మెస్ చూపించడానికి లేదు. లోన్ మీద కట్టే వడ్డీకి కూడా మినహాయింపు ఉంది, కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి 8 ఏళ్ళు, కానీ ఈ రెండూ పాత టాక్స్ రెజీమ్‌లో ఉన్నవాళ్ళకే. మీరు కొత్త దాంట్లో ఉంటే దీని గురించి ఆలోచించే పనే లేదు.

డబ్బు కట్టే ముందు వార్డెన్‌కో హాస్టల్ ఆఫీసుకో ఫోన్ చేసి కాషన్ డిపాజిట్ ఎంత, కరెంట్ బిల్లు విడిగా వేస్తారా, లాండ్రీ ఇందులోనేనా, సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం ఉండిపోతే రోజుకి ఎంత తీసుకుంటారు, మధ్యలో రూమ్ మారితే మిగతా డబ్బు వెనక్కిస్తారా లేదా, ఇవన్నీ అడగండి, ఫోన్లో చెప్పింది మెయిల్‌లో కూడా పెట్టించుకోండి. మెస్ తిండి ఎలా ఉందో మాత్రం ఆఫీసులో అడగొద్దు, సీనియర్ అమ్మాయిల్ని పాపనే అడగమనండి, ఎందుకంటే మెస్‌కి కట్టేసి రోజూ రాత్రి బయటినుంచి బిర్యానీ తెప్పించుకుంటే నెలకి ఇంకో మూడు నాలుగు వేలు అవుతాయి, మనం వేసుకున్న 15 వేల లెక్కలో వాటికి చోటు లేదు.