కడుపు కింద కాదు, చివరి కాళ్ళ మొదట్లో చూడండి

అంతర్వేది ఒడ్డున ఏరిన సన్యాసి పీతల్లో (ఖాళీ నత్త గుల్లల్లో కాపురముండే పీతలు) మగవి ఏవో తేలలేదనీ, గుల్లలోంచి కదలని జీవికి సంపర్కం ఎలా కుదురుతుందనీ అడిగారు. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు వీటి మీదే. చేసిన పొరపాట్లతో సహా చెబుతాను.

మండపీతను వెల్లకిలా తిప్పి, కడుపు కింది మూత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది అని మా ఇంట్లో బడికి వెళ్ళని పిల్లలు కూడా చెప్పేవారు. ఆ ధీమాతోనే కోరింగ మడ అడవుల బురదలో ఏరుకొచ్చిన సన్యాసి పీతలను ముందేసుకుని కూర్చున్నాను. వీటికి ఆ మూతే లేదు! ముందు సగం పీత, వెనక సగం నత్త గుల్ల మెలికకు తగ్గట్టు వంకర తిరిగిన మెత్తటి సంచి.

పైగా దాన్ని బయటికి తీయడం ఒక యజ్ఞం. లాగితే నడుము తెగుతుంది గాని పట్టు వదలదు. ఫార్మలిన్‌లో నిలవ చేసిన వాటి గుల్లలు పగలగొట్టడానికి మా నాయనమ్మ అడకత్తెర ఎత్తుకుపోయాను. “అడకత్తెరలో పోకచెక్క అంటారు గాని పీత అనరే!” అని తిట్టి, ఆవిడ కొత్తది కొనిపించుకుంది.

లెన్సు కింద అసలు సంగతి తెలిసింది. పట్టుకారు కాళ్ళతో కలిపి లెక్కిస్తే ఐదు జతలు. చివరి రెండు జతలు పొట్టివి, గుల్ల లోపలే దాగి ఉంటాయి. మగదానికి ఐదో జత కాళ్ళు ఒంటికి అతుక్కునే కీలు మీద, చుట్టూ సన్నని నూగుతో, ఒక్కో రంధ్రం ఉంటుంది. ఆడదానికి అదే రంధ్రం మూడో జత మొదట్లో. కడుపుకు ఎడమ పక్కన ఉండే చిన్న ఈత కాళ్ళను చూసి ఆడదని రాసేయకండి. మన తీరంలోని కొన్ని రకాల్లో మగవాటికీ అవి ఉంటాయి. ఆ దెబ్బతో నా మొదటి పట్టిక మొత్తం తప్పయింది. అరుదుగా రెండు చోట్లా రంధ్రాలున్నవీ దొరుకుతాయి.

వృషణాలు మాత్రం ఆ మెత్తటి సంచిలోనే, జీర్ణగ్రంథిని ఆనుకుని ఉంటాయి. అక్కడి నుంచి మెలికలు తిరిగిన నాళాలు ముందుకొచ్చి ఆ చివరి కాళ్ళ దగ్గర తెరుచుకుంటాయి. వీర్యం విడిగా రాదు, పొట్లాలుగా వస్తుంది. సూక్ష్మదర్శినిలో మొదటిసారి చూసినప్పుడు నాకు నారుమడి గుర్తొచ్చింది: కింద పలచని పొర, దాని మీద ఒత్తుగా నిలబడ్డ సన్నని కాడలు, ప్రతి కాడ చివర ఒక బుడిపె. కణాలు ఆ బుడిపెలో ఉంటాయి.

ఇక మీ రెండో ప్రశ్న. మగది ఆడదాని గుల్ల అంచు పట్టుకుని తిప్పుతుంది, ఊపుతుంది, వెంట లాక్కుపోతుంది. చివరికి రెండూ గుల్లల్లోంచి కొంత బయటికి వంగి ఎదురెదురుగా ఆనుకుంటాయి. అప్పుడు మగది ఆ పొట్లాలను ఆడదాని ఒంటికి బయటే అంటిస్తుంది. గుడ్లు బయటికొచ్చేటప్పుడు ఫలదీకరణ జరుగుతుంది.

నేల మీద తిరిగే సన్యాసి పీతల్లో మగవాటి ఆ రంధ్రాలు గొట్టాల్లా బయటికి సాగి ఉంటాయి. పూర్తిగా బయటికొస్తే గుల్లను మరొకటి కాజేస్తుంది కాబట్టే ఆ పొడవు అని అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల జీవశాస్త్రవేత్త మార్క్ లెయిడ్రే 2019లో ప్రతిపాదించాడు. గుల్ల ఎంత విలువైనదైతే, ఒంటితో పోలిస్తే గొట్టం అంత పెద్దదట. వీటి చుట్టమే అయినా పెద్దయ్యాక గుల్లే మోయని కొబ్బరి పీతకు, ఆ లెక్కన, అన్నిటికన్నా చిన్నది. (పేరు చూసి కోనసీమ తోటల్లో వెతకకండి, అది అండమాన్ నికోబార్ దీవుల్లో ఉంటుంది.) ఆస్తి తగాదాలు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ వాదన నాకు వెంటనే నచ్చింది.

మీరు మాత్రం గుల్లలు పగలగొట్టకండి. పళ్ళెంలో సముద్రపు నీళ్ళు పోసి, కాస్త పెద్ద ఖాళీ గుల్లలు పక్కన పెట్టండి. నచ్చితే ఇల్లు మారుతుంది. ఫోనులో వీడియో తీసి, నెమ్మదిగా నడిపించి, చివరి కాళ్ళ దగ్గర ఆపి చూడండి. తర్వాత తెచ్చిన చోటే వదిలేయండి.